మూడో వంపు మీది ఎండ

గంటలో వస్తాను, వచ్చేసరికి ఇక్కడ ఒక్క బండి కనిపించకూడదు అని చెప్పి కంపెనీ ఇంచార్జి ఉదయకిరణ్ సార్ పికప్ తిప్పుకుని చెక్‌పోస్టుకు వెళ్లిపోయాడు. అప్పుడు ఎనిమిదయింది. కొండ అంచున ఏడు లారీలు ఆగి ఉన్నాయి, అన్నింటిలోనూ సిమెంటు బస్తాలు, అన్నింటికన్నా ముందున్నది పీరయ్య బండి. ముందున్నవాడు కదిలితే వెనకవాళ్లు కదులుతారు, అది ఈ రోడ్డు పద్ధతి. ముందున్నవాడు కదలకపోతే ఏమవుతుందో కూడా సార్ చెప్పే వెళ్లాడు. నీ ఎగ్జిట్ పేపరు నా బ్యాగులోనే ఉంది పీరయ్యా, ఇరవై రెండున ఫ్లైటు, గుర్తుంది కదా అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడు, ఇంట్లో మనిషికి మందు వేసుకోమని గుర్తుచేసినట్టు! పీరయ్య రెండు చేతులూ చంకల కింద పెట్టుకుని స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాడు. బండిలో ఏసీ పాడై రెండేళ్లయింది, వేడి గాలి వచ్చే గొట్టం మొదటినుంచీ లేదు. సౌదీలో చలేంటి అని ఈ బండి కొన్నవాడు అనుకుని ఉంటాడు. వచ్చి చూడమనాలి ఒకసారి, తబూక్ దాటి ఈ కొండల మీదికి, జనవరి నెలలో. అద్దం మీద తన ఊపిరే పొగలా అంటుకుంటోంది, తుడుస్తుంటే మళ్లీ అంటుకుంటోంది, తుడిచిన చోట కింద రోడ్డు కనిపిస్తోంది, మొదటి వంపు, రెండో వంపు, ఆ తర్వాత రాయి తొలిచి వేసిన మూడో వంపు. మొదటి రెండింటి మీద ఎండ ఉంది. మూడోదాని మీద నీడ. ఆ నీడలో రాతి గోడ లోపలినుంచి రాత్రంతా నీరు ఊరుతుంది, కారి రోడ్డు మీద పేరుకుంటుంది, తెల్లవారేసరికి గడ్డకడుతుంది. పదిన్నరకు ఎండ అక్కడికి దిగుతుంది, పదకొండుకల్లా కరిగి తడి మాత్రమే మిగులుతుంది, ఆ తడి కూడా కాసేపే. అంటే రెండున్నర గంటలు ఆగాలి, అంతే. రెండున్నర గంటలు ఆగి దిగితే ఏడుగురు మనుషులు ఏడు బండ్లతో కిందికి చేరతారు. ఇందులో పెద్ద లెక్కేమీ లేదు. అయినా ఆగకూడదట, అవతల కాంక్రీటు పోయాలట, పదింటికే పోయాలట.

అసలు డ్రైవర్ల కోసం ఎవరైనా ఎప్పుడైనా ఆగారా? పోయిన ఏడాది ఇదే నెలలో, యుద్ధం మొదలైనప్పుడు, పైపులైను వెంట పోయే ఆ పొడుగాటి ఉత్తరపు రోడ్డు మీద పీరయ్య, తోటి డ్రైవరు గౌస్ మొహిద్దీన్ గుడారాలూ డీజిల్ పీపాలూ మోశారు. అప్పుడూ ఇంతే చలి, వాన కూడా, ఎడారిలో వాన పడితే నేల జిగట బంకలా పట్టుకుంటుందని అప్పుడే తెలిసింది. ఒకరోజు దుమ్ము లేచి ముందున్న బండి కనిపించకుండా పోతే మిలిటరీ బండ్లన్నీ పక్కకు తీసి ఆపుకున్నారు. సిపాయిలు కాఫీ తాగుతూ కూర్చున్నారు, దుమ్ము దిగేదాకా కూర్చున్నారు. తమ బండ్లను మాత్రం కంపెనీ మనిషి చేయూపి పొమ్మన్నాడు. సిపాయికి ప్రాణం ఉంటుంది, డ్రైవరుకు ఇకామా కార్డు ఉంటుంది అనుకున్నారేమో. సైరన్ మోగితే సిపాయిలు నడుముకున్న సంచి విప్పి మూతికి మాస్కు బిగించుకునేవాళ్లు. మాకో అని గౌస్ అడిగితే కంపెనీవాళ్లు మనిషికో తువ్వాల, ఒక నీళ్ల సీసా ఇచ్చారు, విషపు గాలి వస్తే తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకోమని. గౌస్ ఆ తువ్వాల తడిపి మొహం తుడుచుకుని, "చల్లగ మస్తున్నది పీరూ, ఇగ సచ్చినా చెమట పట్టదు" అన్నాడు. ఎవరో ఒక ఎర్రమొహం సిపాయి జాలిపడి తన దగ్గరున్న ఇంకో మాస్కు గౌస్‌కు ఇచ్చాడు. ఇద్దరు మనుషులకు ఒక మాస్కు. సగం సేపు నువ్వు, సగం సేపు నేను అని గౌస్ పంచాడు, విషం మన వంతులు చూసి వస్తదా భాయ్ అని పీరయ్య అడిగితే ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ మాస్కు గౌస్ గడ్డానికి అతకలేదు, గాలి దూరుతుంది, గడ్డం తీసెయ్యి అని సిపాయి సైగ చేశాడు. మా నాయిన అడిగితే కూడా తియ్యలేదు ఈ గడ్డం, నీకోసం తీస్తనా అని గౌస్ తెలుగులోనే జవాబిచ్చి మాస్కు తెచ్చి పీరయ్య మెడలో వేశాడు. నీకు బిడ్డ పుట్టింది గదరా, నువ్వే పెట్టుకో అన్నాడు. విషపు గాలి రాలేదు. యుద్ధం అయిపోయింది. సిపాయిలు వెళ్లిపోయారు. ఆఫీసు గోడకు ఒక మెచ్చుకోలు పత్రం అద్దం కట్టి తగిలించారు, అందులో కంపెనీ పేరుంది, సార్ల పేర్లున్నాయి, బండి తోలినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. గౌస్ దాని ముందు నిలబడి పైనుంచి కిందికి వేలుపెట్టి వెతికాడు, ఆ భాష రానివాడు తన పేరెక్కడుందో అని వెతికాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ వేలు గుర్తొస్తే పీరయ్యకు దవడలు బిగుసుకుంటున్నాయి.

వెనక బండి హారన్ ఒకసారి మోగింది. మస్తాన్ వలీ. వచ్చి మూడు నెలలు కాలేదు, కడప మనిషి, దేనికీ ఓపిక లేదు. పీరయ్య అద్దంలో చూసి చెయ్యి ఊపాడు, ఆగమని. ఆగమనడానికి తానెవరు, సార్ పొమ్మన్నాడు కదా. పోవాలనే ఉంది మరి. పోతే ఇరవై రెండున బొంబాయి, ఇరవై నాలుగుకు జగిత్యాల. సంధ్యకు మూడేళ్లు నిండుతున్నాయి, ఇంతవరకు బిడ్డ మొహం చూడలేదు. పుట్టువెంట్రుకలు రాజన్న దేవుడికి మొక్కుకున్నారు, తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని తీయించాలి, తండ్రేమో ఇక్కడ. మూడేళ్లుగా ఆ జుట్టు అలాగే పెరుగుతోంది. భార్య సరళ రాయించిన ఉత్తరంలో ఉంది, జుట్టంతా జడలు కట్టింది, దువ్వెన పెడితే ఊరంతా వినబడేటట్టు ఏడుస్తున్నది, కండ్లల్ల పడుతున్నదని ముందల ఒక ముడి ఏసిన, నువ్వు ఎప్పుడొస్తవో ఒక మాట చెప్పు, లేకపోతే రాజన్నకు తప్పు ఒప్పుకుని తీపిచ్చేస్త. మూడుసార్లు వస్తానని రాశాడు. మొదటిసారి యుద్ధం అని ఆపారు, యుద్ధంలో డ్రైవర్లు దొరకరట. రెండోసారి యుద్ధం అయిపోయింది కదా, పని కొత్తగా మొదలైంది కదా అని ఆపారు. యుద్ధముంటే ఒక కారణం, లేకుంటే ఇంకో కారణం, మనిషిని ఇంటికి పంపకపోవడానికి వీళ్లకు కారణాలు చెట్టుకు కాసినట్టు కాస్తాయి. మూడోసారి ఇదిగో, నిజంగానే పేపరు వచ్చింది, ముద్ర పడింది, సార్ బ్యాగులో ఉంది. ఆ బ్యాగు ఇప్పుడు చెక్‌పోస్టు దగ్గర పికప్‌లో సీటు మీద పడి ఉంటుంది. ఒక పసిదాని జుట్టు ఆ బ్యాగులో ఇరుక్కుని ఉంది. గేరు వేస్తే, బ్రేకు వదిలితే, మెల్లగా, చాలా మెల్లగా దిగితే, మూడో వంపు దగ్గర రాతి గోడ వైపు చక్రాలు గరుకు మీద ఉండేటట్టు పట్టుకుంటే... పోవచ్చేమో. తాను పోవచ్చు. తనకు తెలుసు కాబట్టి పోవచ్చు.

గౌస్‌కు తెలియదు. ఇరవై ఏళ్ల అనుభవమున్న డ్రైవరు, ఆర్మూరు నుంచి బొంబాయికి పసుపు మోసినవాడు, ఇక్కడ ఈ దేశంలో ఆ మూల నుంచి ఈ మూలకు రోడ్లన్నీ తిరిగినవాడు, కానీ గడ్డకట్టిన రోడ్డు ఎన్నడూ చూడలేదు. ఎవరు చూశారు? పీరయ్య మొదట వచ్చిన వేసవిలో రోడ్డు మీద నీళ్లు కనిపించాయని గట్టిగా బ్రేకు తొక్కాడు, వెనకవాడు తప్పించుకోలేక ఇసుకలోకి దిగిపోయాడు, అరబ్బీలో తిట్టాడు. అప్పుడు గౌస్ పక్క సీట్లోకి వచ్చి కూర్చుని నేర్పించాడు. "అరే పీరూ, అవి నీళ్లు కావురా. ఎండ జేసే దగా. దినమంతా నీ ముంగట ఉరుకుతనే ఉంటది, ఎన్నడూ అందది. దానికి బ్రేకు తొక్కినవనుకో, ఎనుకటోడు నీ మీదికెక్కుతడు. కాలు తియ్యి, సీదా దాని మీదికెళ్లి పో." ఆ పాఠం పీరయ్య కాలికి ఎక్కింది, తలకు కాదు, కాలికి. ఇక్కడ బండి తోలే ప్రతివాడి కాలికీ అదే ఎక్కి ఉంటుంది. రోడ్డు మీద మెరుపు కనిపిస్తే అది అబద్ధం. పోయిన నెల ఒకనాటి పొద్దున ఎనిమిదింటికి గౌస్ బండి ముందు, పీరయ్య బండి వెనక ఇదే రోడ్డు దిగారు. మూడో వంపు దగ్గర మెరిసింది. పీరయ్యకూ కనిపించింది ఆ మెరుపు, పైనుంచే. గౌస్ బండి వెనక ఎర్ర లైట్లు వెలగలేదు. ఒక్కసారి కూడా వెలగలేదు. దాని మీదికి సీదాగా పోయాడు, తాను నేర్పించినట్టే. చక్రాలు తిరగడం మానేసి జారడం ఎట్లా ఉంటుందో పీరయ్య అప్పుడు చూశాడు, చప్పుడు లేదు, అంత పెద్ద బండి చప్పుడు లేకుండా పక్కకు తిరిగి, గోడకు ఎదురుగా ఉన్న ఖాళీలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాతే చప్పుడు.

దిగి వెళ్లి ఆ బస్తాల కింద నుంచి గౌస్‌ను లాగి రోడ్డు మీదికి మోసుకొచ్చింది పీరయ్యే, సిమెంటు పొడి గడ్డమంతా తెల్లగా చేసింది, ఒక్క పొద్దున్నే ముసలివాడైనట్టు. తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటే ఎండ గోడ మీద నుంచి అంగుళం అంగుళం దిగింది. పదిన్నరకు గాజు పలకలాంటి ఆ గడ్డ మీద పడింది. అది కళ్ల ముందే చిట్లింది, నీరయింది, కాలువ కట్టి పారింది. ఎవరైనా రండి, చూడండి అని అరవాలనిపించింది, ఎవరున్నారు చూడటానికి? పోలీసులు పన్నెండుకు వచ్చారు, వాళ్ల వెనకే ఉదయకిరణ్ సార్. అప్పటికి రోడ్డు పొడిగా ఉంది, శుభ్రంగా, ఏ పాపమూ ఎరగనట్టు. ఇక్కడ గడ్డ ఉండె సార్ అని పీరయ్య చెప్పాడు. "ఏంటయ్యా, ఐసా? సౌదీలో ఐస్ ఫ్రిజ్‌లో ఉంటుంది, రోడ్డు మీద ఉండదు" అన్నాడు సార్, పక్కన ఉన్న పోలీసుకు కూడా ఆ మాట అరబ్బీలో చెప్పి నవ్వించాడు. శవం దగ్గర నిలబడి నవ్వారు. కాగితంలో డ్రైవరు నిద్రపోయాడు అని రాశారు. గౌస్ నిద్రపోయాడట! అంతకు పావుగంట ముందు కొండ అంచున ఇద్దరూ ఒకే గ్లాసులో టీ పంచుకుని తాగారు, ఇంటినుంచి భార్య జైనాబీ మిరపకాయ పచ్చడి పంపిందని, పేరు చెప్పి నోరూరించాడు, సాయంత్రం అన్నంలోకి అన్నాడు. అలా మాట్లాడేవాడు పావుగంటలో నిద్రపోతాడా? నిద్రపోయినవాడి భార్యకు కంపెనీ ఇచ్చేది ఏమీ ఉండదు, ఆ మాట రాయడం ఎందుకో పీరయ్యకు ఆలస్యంగా అర్థమైంది. అయినా ఒక మూల మనసు సార్‌ను వెనకేసుకొచ్చింది. గుంటూరు మనిషి, ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాడు, ఆఫీసులో కూర్చునేవాడు, ఆయనకేం తెలుసు గడ్డ గురించి, తెలియక పంపాడు, తెలియక నవ్వాడు. తెలియనివాడి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది. తాను మాత్రం తెలిసినవాడా, గౌస్ వెనకే దిగలేదా.

తలుపు మీద దబదబ కొట్టిన చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు. మస్తాన్ వలీ మెట్టెక్కి కిటికీకి మొహం ఆనించి నిలబడ్డాడు, మఫ్లరు చుట్టుకుని, ముక్కు ఎర్రగా.

"ఏమన్నా, ఇంకా యోచన చేస్తాండావా? తొమ్మిదైతాంది. ఆ సారు వచ్చినాడంటే మన తోలు తీస్తాడు."

"తియ్యనీ. కింద వంపుల దాకా ఎండ దిగనీ తమ్మీ, అప్పుడు పోదం."

"నువ్వు పోకపోతే నన్ను పొమ్మంటానని పొద్దున్నే చెప్పినాడులే. నేనైతే పోతా. ఏముందన్నా దాంట్లో, మా గువ్వలచెరువు ఘాట్ కంటే పెద్దదా ఇది?"

"మూడో వంపు కాడ రోడ్డు మెరుస్తది. అప్పుడేం జేస్తవ్?"

మస్తాన్ వలీ పళ్లన్నీ కనిపించేటట్టు నవ్వాడు. "నన్నే పరీక్ష చేస్తాండావా? నువ్వే కదన్నా నేర్పిచ్చినావు. మెరిసేదంతా మాయ, బ్రేకు తొక్కగూడదు, కాలు తీసి సీదా పోవాల. గుర్తుండాదిలే."

పీరయ్య ఒంట్లో చలి ఒక్కసారిగా పోయింది. చెవులు వేడెక్కాయి. ఎప్పుడు నేర్పించాడు, అవును, అక్టోబరులో, వచ్చిన రెండో వారంలో, పక్క సీట్లో కూర్చుని, గౌస్ మాటలే, గౌస్ చెయ్యి ఊపినట్టే చెయ్యి ఊపి. గౌస్ పోయాక అది తీసెయ్యాలని, కాదురా, చలికాలం పొద్దున మెరిస్తే అది నిజం అని చెప్పాలని ఎందుకు తోచలేదు? ఎవరికీ చెప్పొద్దన్నారు కనుక. ఐస్ అన్న మాట ఎత్తితే లోపలికి పిలిచి, డ్రైవర్లలో భయం పుట్టిస్తున్నావా అని సార్ అడిగాడు కనుక. ఎగ్జిట్ పేపరు ఆ బ్యాగులోకి వచ్చింది కనుక. నోరు మూసుకుని ఇరవై రెండు కోసం రోజులు లెక్కపెట్టుకున్నాడు కనుక. తాను గోడ పక్కన గరుకు మీద చక్రం పట్టుకుని దిగిపోయేవాడు, దిగి వెనక్కి కూడా చూసేవాడు కాదు, వెనక ఈ కడప పిల్లగాడు నవ్వుతూ సీదాగా దాని మీదికి వచ్చేవాడు. అతని కాగితంలో కూడా నిద్ర అని రాసేవాళ్లు. దేశంకాని దేశంలో ఎంతమంది ఇలా నిద్రపోయారో, ఎన్ని కాగితాల్లో నిద్రపోయారో, నిద్రే కరువైన మనుషులు!

"దిగు" అన్నాడు పీరయ్య.

"ఏమన్నా?"

"మెట్టు దిగు తమ్మీ. దూరం జరుగు. మీ బండ్లన్నీ ఎనుకకు తీసుకోమను."

గేరు వేశాడు. బండి కదిలితే వెనక హారన్లు మోగాయి, పోతున్నాడు, పోతున్నాడు అని. పది గజాలు పోనిచ్చి స్టీరింగు మొత్తం తిప్పాడు. ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు, ఇరుకు సందులో ఎడ్లబండి తిప్పినంత ఓపికగా తిప్పాడు, మూతి కొండ వైపు, తోక లోయ వైపు. మనిషి నడిచిపోవడానికి దారి ఉంది, బండికి లేదు. బ్రేకు వేసి, ఇంజిను ఆపి, తాళంచెవి తీసుకుని కిందికి దిగాడు.  సంధ్య జుట్టు గుర్తొచ్చింది, ముందు వేసిన ముడి, ఆ ముడి ఎట్లా ఉంటుందో కూడా తెలియదు.  సరళకు రాయాలి, నువ్వే తీపిచ్చెయ్యి, రాజన్నకు తప్పు నా పేరున ఒప్పుకో అని. డ్రైవర్లు ఒక్కొక్కరే దిగి వచ్చి అడ్డంగా నిలబడ్డ బండిని చూస్తున్నారు. మస్తాన్ వలీకి మాత్రం చెప్పాడు, తక్కువ మాటల్లో, రాతి గోడ గురించి, ఊరే నీటి గురించి, వెలగని ఎర్ర లైట్ల గురించి. నవ్వు మొహం మెల్లగా నల్లబడింది. "నెల రోజులనుంచి నాతో చెప్పలేదే" అన్నాడు. 

తొమ్మిది దాటాక పికప్ దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఉదయకిరణ్ సార్ తలుపు కూడా వెయ్యకుండా దిగాడు.

"వాట్ నాన్సెన్స్ ఈజ్ దిస్? ఎవడు పెట్టాడు బండి ఇలా? పీరయ్యా! మతి పోయిందా నీకు? ప్రాజెక్ట్ మేనేజర్ లైన్లో నన్ను తిట్టిపోస్తున్నాడు, పోరింగ్ టెన్ ఓ క్లాక్! తియ్యి బండి. తియ్యి ముందు!"

"నేను తియ్య సార్."

"ఎగ్జిట్ కాన్సిల్. అర్థమవుతోందా? ఇంకో రెండేళ్లు ఇక్కడే పడుంటావు. నిన్ను తెచ్చుకున్న కఫీల్‌కి ఒక్క ఫోన్ చేస్తే జైల్లో ఉంటావు."

"చేసుకోండ్రి" అన్నాడు పీరయ్య. తాళంచెవి చాచాడు. "మీకు లైసెన్సున్నది గదా సార్. యుద్ధంల ట్యాంకరు తోలిన అని ఎన్నోసార్లు చెప్పిన్రు. తోలుండ్రి. మీరు కిందికి దిగితే మీ ఎనుకనే మా ఆరు బండ్లు దిగుతయ్. ఖసం, ఒట్టు."

డ్రైవర్లు దగ్గరికి జరిగారు. సార్ వాళ్ల మొహాలు చూశాడు, తాళంచెవి లాక్కున్నాడు. "ఇడియట్స్" అంటూ బండి చుట్టూ తిరిగి వెళ్లి మెట్టు మీద కాలు పెట్టాడు, తలుపు పట్టుకుని పైకి లేచాడు. అక్కడినుంచి కింద రోడ్డంతా కనిపిస్తుంది. అలాగే నిలబడ్డాడు. పీరయ్య ఆయన వీపు చూస్తున్నాడు. మంచి ఉన్ని కోటు, కొత్తది. ఆ కోటు కదల్లేదు. కొంచెంసేపటికి సార్ కాలు కిందికి దించాడు.

"ఓకే. ఓకే, లిజన్" అన్నాడు, గొంతు మారింది, సర్దుబాటు గొంతు. "మేనేజర్‌కి నేను ఏదో ఒకటి చెప్తాను. వెయిట్ చేద్దాం. ఎలాగూ ఆ మూడో వంపు మీద పదిన్నరకి గానీ ఎండ పడదు."

 పీరయ్యకు మొదట ఆ మాట మామూలుగానే వినిపించింది. తర్వాత లోపల ఎక్కడో ఆగింది. పదిన్నర. ఆ సంగతి తాను ఈయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, గౌస్ తల ఒళ్లో పెట్టుకుని తానొక్కడే చూశాడు ఆ ఎండను. ఈయన వచ్చేసరికి పన్నెండు, రోడ్డు పొడిగా ఉంది, ఐస్ ఫ్రిజ్‌లో ఉంటుందని నవ్వాడు. తెలియనివాడు కదా. నెల రోజులుగా తాను మనసులో వెనకేసుకొచ్చిన మనిషి కదా.

"పదిన్నర అని మీకెవలు జెప్పిన్రు సార్?"

"ఎవరో చెప్పారులే. చెక్‌పోస్టు వాళ్లు. అదంతా ఇప్పుడెందుకు?"

"ఎన్నడు జెప్పిన్రు?"

ఉదయకిరణ్ సార్ గడియారం చూసుకున్నాడు. పికప్ వైపు ఒక అడుగు వేశాడు. దారిలో మస్తాన్ వలీ నిలబడి ఉన్నాడు, పక్కకు జరగలేదు.

"గౌస్ భాయి పోకముందా, పోయినంకనా?" అని అడిగాడు పీరయ్య. గొంతు పెంచలేదు.  ఆ చలిలో సార్ నుదుటి మీద చెమట పట్టింది.

"అన్న అడుగుతాండాడు గదా" అన్నాడు మస్తాన్ వలీ. "చెప్పు."